బొగ్గు బస్సెక్కిన గోదావరి

ఏప్రిల్ 6 దగ్గరపడితే పత్రికలకు కాకినాడ గుర్తొస్తుంది. 1942లో ఆ రోజున జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు కాకినాడ మీదా, విశాఖ మీదా బాంబులు వేశాయి. బాంబుల కథ రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ యుద్ధకాలంలో మన రోడ్లను నడిపించిన కట్టెబొగ్గు మీదే నాకు మక్కువ.

దాని పూర్వచరిత్రను ఒక్క గుక్కలో చెప్పేయొచ్చు. 17వ శతాబ్దంలో థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు నరసాపురంలో ఓడలు కట్టే వడ్రంగుల్నీ, మేకులూ లంగర్లూ చేసే కమ్మరుల్నీ తెగ మెచ్చుకున్నాడు. ఆ లంగర్లకు ఎన్ని బండ్ల బొగ్గు కాలిందో మాత్రం రాయలేదు. బొగ్గు లెక్కలు ఎవరిక్కావాలి? ఆ తర్వాత వందేళ్లకు పైగా గడిచాక ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హైన్ నూజివీడు దగ్గరి రమణక్కపేట ఇనుప కొలుములు చూసి రాశాడు. ఈలోగా ఇంగ్లండులో అబ్రహాం డార్బీ 1709లోనే రాక్షసిబొగ్గు నుంచి చేసిన కోకుతో ఇనుము కరిగించి కట్టెబొగ్గుకు ఉద్వాసన మొదలుపెట్టాడు. అడవులు దండిగా ఉన్న స్వీడన్ మాత్రం 20వ శతాబ్దం దాకా బొగ్గును వదల్లేదు. ఇంగ్లండులో బొగ్గు మారింది, కొలిమి నిలిచింది. మన దగ్గర సీమ ఇనుము ఓడల్లో దిగాక ఇనుము తీసే కొలుములే ఆరిపోయాయి.

ఇక బస్సు సంగతి. బర్మా చేజారుతుంటే అక్కడి నూనె బావుల్ని ఇంగ్లీషువాళ్లే ధ్వంసం చేసి వెనక్కొచ్చారు. ఇక్కడ పెట్రోలుకు రేషన్. బస్సుల వాళ్లు బండి వెనక నిలువెత్తు ఇనప డ్రమ్ము బిగించారు. తెల్లారగట్టే క్లీనరు లేచి అందులో బొగ్గులు పోసి, నిప్పు రాజేసి, పక్కనున్న చక్రం తిప్పుతూ ఉండేవాడు. చాలీచాలని గాలితో బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దాన్ని వడగట్టి, చల్లార్చి ఇంజనుకు పంపితే బండి కదులుతుంది. అది కదిలేదాకా ప్రయాణికులు ముందు టీ తాగి, తర్వాత చుట్ట కాల్చి, ఆపైన క్లీనరుకు సలహాలిచ్చేవారు.

పెట్రోలు ఇచ్చే బలం ఆ గ్యాసుకు లేదు. డెల్టా నేల చదును కాబట్టి సరిపోయింది గానీ, కాటన్ దొర కాలువల మీది వంతెనలే ఆ బస్సులకు కొండలు. ఎక్కుడు రాగానే “దిగండి బాబూ, ఓ చెయ్యెయ్యండి” అనేవాడు కండక్టరు. పెళ్లికి వెళ్లే పెద్దమనిషి కూడా ఉత్తరీయం నడుముకు చుట్టి తొయ్యాల్సిందే. దిగేసరికి తెల్లపంచె బూడిదరంగు. రాజమండ్రి చేరాక కొవ్వూరు వెళ్లాలంటే రైలో, లాంచీయో. గోదావరి మీద అక్కడ రోడ్డు వంతెన 1974 దాకా లేదు.

ఈ తిప్పలు మనకొక్కరికే కాదు. యుద్ధం చివరికి జర్మనీలో ఇలాంటి బండ్లు 5 లక్షల దాకా ఉండేవి. వాటిలో చాలావరకు నేరుగా కట్టెముక్కలతోనే నడిచాయి. స్వీడన్‌లో 70 వేల పైమాటే. కాకినాడ మీద బాంబులేసిన జపాన్‌లోనూ జనం బొగ్గు బస్సుల్లోనే తిరిగారు!

ఆ బొగ్గు తయారవ్వాలంటే ఓపిక కావాలి. కట్టెల్ని గుండ్రంగా పేర్చి, ఆకులు కప్పి, మట్టి మెత్తి, నడిమి కంతలోంచి నిప్పు వేస్తారు. మొదట తెల్లటి చిక్కని పొగ. అది పలచబడి నీలంగా మారితే కంతలన్నీ మూసేయాలి. ఆ రాత్రి కాపలావాడు కునుకు తీశాడా, ఎక్కడో మట్టి పగిలి గాలి దూరి పొద్దున్నకి బూడిదే మిగులుతుంది. అన్నీ సవ్యంగా జరిగినా మట్టి బట్టీలో వంద కిలోల కట్టెకు చేతికొచ్చేది 10 నుంచి 20 కిలోలే.

పెట్రోలు తిరిగొచ్చాక డ్రమ్ములు ఊడాయి. 1958లో ఆర్టీసీ వచ్చింది. ఇక్కడినుంచి కథ నా చేతిలో నిలవదు. ప్రపంచం కట్టెబొగ్గును మానేసిందనుకుంటాం గానీ, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ లెక్కన 2015లో తయారైంది 5.2 కోట్ల టన్నులు, అందులో 62 శాతం ఆఫ్రికాలోనే, ఎక్కువగా వంటకే. బ్రెజిల్ జామాయిల్ తోటలు పెంచి, బొగ్గు చేసి, దాంతో ఇనుము కరిగిస్తోంది. మన జామాయిల్, సరుగుడు మాత్రం రాజమండ్రి కాగితం మిల్లు దారి పట్టాయి. ఇస్త్రీ బండ్లు కొన్ని గ్యాసుకు మారాయి, కొన్ని మారలేదు. కొబ్బరి చిప్పల బొగ్గు ఇప్పుడు నీళ్ల ఫిల్టర్లలోకీ, ఖనిజం నుంచి బంగారం తీసే చోట్లకీ వెళ్తోంది. ఆ వ్యాపారంలో కోనసీమకు పోటీ శ్రీలంక, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్.