పోరాట ఆటలకు ఆర్కేడ్ స్టిక్: కొనేముందు చూడవలసినవి

నాణెం వేసి ఆడే యంత్రాల పిడిని, బటన్లను ఒక పెట్టెలో అమర్చి ఇంటికి తెచ్చిన పరికరమే ఆర్కేడ్ స్టిక్. 1991లో స్ట్రీట్ ఫైటర్ 2 వెలువడిన నాటినుండి పోరాట ఆటలలో దీనికి గొప్ప పేరున్నది. పేరు వేరు, అవసరం వేరు. 2014లో అమెరికాలో జరిగిన ఈవో పోటీలో ఫ్రాన్సు ఆటగాడు లఫీ పాత ప్లేస్టేషన్ ప్యాడ్‌తోనే విజేత అయినాడు. కనుక ఇంట ఉన్న ప్యాడ్‌తో కొన్నాళ్లు ఆడి, ఆసక్తి నిలిచిన తరువాతనే కొనడం మేలు.

ధర్మపురి చేరువలోని సోగత్తూరు వంటి ఊళ్లలో దీనిని చేతపట్టి చూడకుండానే తెప్పించుకోవలసి వస్తుంది. అందుచేత మొదట అడగవలసిన ప్రశ్న ఒకటే: మన యంత్రానికి పనిచేస్తుందా? కంప్యూటరుకు చాలావరకు చిక్కు లేదు. ప్లేస్టేషన్ 4 కోసం చేసిన స్టిక్కు ప్లేస్టేషన్ 5లో ఆ పాత ఆటలకు పనిచేసినా, కొత్త ఆటలన్నింటికీ పనిచేయదు. అనుమతి లేని పరికరాలను ఎక్స్‌బాక్స్ 2023 నవంబరు నుండి అడ్డుకుంటున్నది. పెట్టెపై బొమ్మ ఎంత అందంగా ఉన్నా, ఇది తేలకుండా డబ్బు కట్టరాదు.

రెండవది, భాగాలు మార్చుకునే వీలు. అరిగేది పెట్టె కాదు, లోపలి స్విచ్చులు. జపాను సాన్వా లీవరు, 30 మిల్లీమీటర్ల బటన్లు పట్టే పెట్టె అయితే పాడైన ఒక్క భాగాన్నే తెప్పించి బిగించుకోవచ్చు. చవక రకాలలో అన్నీ అతికించి ఉంటే, ఒక బటను పోయినా మొత్తం వృథా. మా దృష్టిలో అసలైన పొదుపు ఇక్కడే ఉన్నది.

లీవరు చుట్టూ ఉండే చట్రం సాధారణంగా చతురస్రం. మూలలు చేతికి తెలుస్తాయి. ఎనిమిది కోణాల చట్రం కొందరికి సుఖం. రబ్బరు బలంతో నడిమికి మరలే కొరియా లీవర్లను టెక్కెన్ ఆడేవారు మెచ్చుకుంటారు. లీవరే లేక దిక్కులకూ బటన్లే ఉన్న రకం కూడా ఉన్నది. అలవాటుకు ఓపిక కావాలి.

ఒడిలో జారని బరువు, చేతిని నిలుపుకునే వెడల్పు చూడండి. స్విచ్చుల టకటక రాత్రివేళ పక్కగదిలో పెద్దలకు ఇబ్బంది. శబ్దం తగ్గించిన బటన్లు విడిగా దొరుకుతాయి. సరుకు అందిన రోజే ఎనిమిది దిక్కులు, ప్రతి బటను పరీక్షించి, తిరిగి పంపే గడువు ముగిసేవరకు బిల్లును, అట్టపెట్టెను దాచి ఉంచండి.