సుర్ఖీ గోడలో ఉక్కు తీగలు

సుర్ఖీ అంటే మన ఇళ్లలో బుజుర్గులకు విడమరిచి చెప్పనక్కర్లేదు. కాల్చిన ఇటుకను దంచిన ఎర్రటి పొడి. సున్నంతో కలిపితే తడిలోనూ గట్టిపడుతుంది. సిమెంటు రాకముందు దాదాల కాలంలో ఎన్నో గోడలు దాని భరోసా మీదే లేచాయి. 1895లో పూర్తయిన ముల్లపెరియార్ డ్యాం లోపల ఉన్నదీ ఆ సున్నం, సుర్ఖీలే. డ్యాం కేరళలో ఉంది, నీళ్లు తమిళనాడువి. ఝగడా అంతా అక్కడే.

ఇలాంటి డ్యాం తాకత్ దాని వజన్‌లోనే ఉంటుంది. వెనక నీళ్లు నెడతాయి, కింద ఊట పైకి ఎత్తుతుంది. గోడ తన బరువుతోనే కదలకుండా కూర్చోవాలి. ఏళ్ల తరబడి ఊటనీటిలో సున్నం కరిగిపోతూ ఉంటే?

1979 ఆగస్టులో గుజరాత్‌లో మచ్ఛు డ్యాం తెగి మోర్బీ పట్టణాన్ని ముంచేసింది. అక్కడ తెగింది మట్టికట్ట, ఇక్కడున్నది రాతిగోడ. కానీ ఖౌఫ్‌కు ఆ ఫరక్ తెలియదు కదా! ముల్లపెరియార్ నీటిమట్టాన్ని 136 అడుగులకు దించి మరమ్మతు మొదలుపెట్టారు.

డ్యాం నెత్తి మీంచి నాలుగు అంగుళాల రంధ్రాలు తొలిచారు. పాత గోడ గుండా దిగి, బునియాద్ దాటి, కింది బండలోకి మరో 30 అడుగులు. ఒక్కో రంధ్రంలో 34 ఉక్కు తీగల కేబుల్. అడుగున బండలో సిమెంటుతో పట్టించి, పైనుంచి 120 టన్నుల జోర్‌తో లాగి బిగించారు. అలాంటివి 95. హిసాబ్ చేస్తే 11,400 టన్నులు! ఒక్క రాయి పేర్చకుండా అంత వజన్‌ను కింది కొండ నుంచి అప్పు తెచ్చుకున్నట్టే.

ఈ ఉపాయం మొదట నడిచింది అల్జీరియాలో. ఫ్రెంచి హుకూమత్ కట్టిన షుర్ఫా డ్యాం 1885లో తెగింది. మళ్లీ కట్టారు. దాన్ని 1930లలో ఇంజనీరు ఆంద్రె కోయిన్ ఇలాగే బండకు బిగించాడు, ఒక్కో కేబుల్‌కు దాదాపు వెయ్యి టన్నులతో.

ముల్లపెరియార్‌లో 142 అడుగుల దాకా నీళ్లు నిలపొచ్చని 2014లో సుప్రీంకోర్టు ఫైసలా ఇచ్చింది. తేని, మదురై రైతులకు ఆ నీళ్లే రోజీ. దిగువన ఇడుక్కి జిల్లాలో వానాకాలం రాత్రుళ్లు నిద్రపట్టనివాళ్ల భయమూ ఝూఠ్ కాదు. వాళ్లకు చూపించడానికి డ్యాం మీద వేసిన కాంక్రీటు టోపీ ఉంది, వెనక ఆనించిన కాంక్రీటు ఉంది. సిమెంటులో పూడిపోయిన ఆ 95 కేబుళ్లను మాత్రం బయటికి తీసి ఎవరూ చూపించలేరు.