సమాధి కట్టొచ్చు, పాడకూడదు

త్యాగరాజ ఆరాధన అనగానే నాకు మొదట గుర్తొచ్చేది పాట కాదు, పోస్టుకార్డులు. 1986 నుంచి దాదాపు పదిహేడేళ్ళు గోదావరి ఒడ్డున మా ఊళ్ళో త్యాగరాజు పాటలంటే ప్రాణం పెట్టే ఆడవాళ్ళం కొంతమందిమి నెలకోసారి ఎవరో ఒకరింట్లో చేరేవాళ్ళం. కొందరం పాడేవాళ్ళం, ఎక్కువమందిమి వినేవాళ్ళం. ఆ సమావేశాలు నడిపే పని ఎలాగో నా నెత్తిన పడింది. కాలేజీలో తెలుగు చెప్పుకునేదాన్ని కాబట్టి రాయడం వచ్చనుకున్నారేమో! పదిహేను పైసల కార్డులు పాతిక ముప్పై కొనుక్కొచ్చి, రాత్రి వంటిల్లు సర్దుకున్నాక కూర్చుని, ఫలానా ఆదివారం ఫలానా వారింట్లో అని ఒకే మాట ముప్పైసార్లు రాసేదాన్ని. ఎవరి దగ్గర ఏ క్యాసెట్ ఉంది, ఎవరు ఎవరికిచ్చారు, తిరిగొచ్చిందా లేదా అన్నది ఓ నోట్‌బుక్కులో రాసిపెట్టేదాన్ని. బాలమురళి పంచరత్నాల క్యాసెట్ ఒకటి రెండేళ్ళపాటు ఎవరింట్లో ఉందో తేలక ఇద్దరు వదినామరదళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. అదీ నా పద్దులోకే వచ్చింది.

మాలో కొందరు తమని భక్తురాళ్ళమనుకునేవారు. నాకు మాత్రం అభిమాని అన్నమాటే దగ్గరగా ఉండేది. భక్తిలో ప్రశ్న ఉండదు. అభిమానికి పోట్లాట ఉంటుంది. నీ త్యాగరాజు వేరు, నా త్యాగరాజు వేరు అని వాదించుకోవచ్చు.

ఒక సంగీతకారుణ్ణి అభిమానించేవాళ్ళని పోగుచేసి, నిలబెట్టి, ఏళ్ళతరబడి నడపడం అనే ఈ పని గురించి ఎవరైనా రాశారా అని వెతుక్కుంటూ వెళ్ళినప్పుడే బెంగళూరు నాగరత్నమ్మ నాకు రెండోసారి ఎదురయ్యింది. మొదటిసారి ఎక్కడ ఎదురయ్యిందో మీకు వేరే చెప్పక్కర్లేదు. 1991లో సుసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో వచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' చదివిన మనందరికీ ఆమె ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ని వెలికితీసిన మనిషి. 1887 నాటి ప్రతిలో అవతారిక పద్యాలూ మరికొన్నీ ఎగిరిపోయాయని గుర్తించి, రాతప్రతి సంపాదించి, పోల్చిచూసి, 1910లో వావిళ్ళ వారిచేత అచ్చు వేయించింది. వీరేశలింగంగారు ముద్దుపళనిని తూలనాడితే, సిగ్గన్నది ఆడవాళ్ళకేనా, మగకవులకి అక్కర్లేదా అని ఆయన ఆదరించిన 'వైజయంతీ విలాసం'నే ఎత్తిచూపి నిలదీసింది. 1911లో పోలీసులు వావిళ్ళ వారిమీద పడ్డారు, పుస్తకం నిషేధానికి గురయ్యింది. 1947లో ప్రకాశం పంతులుగారు ఎత్తేసేదాకా ఆ నిషేధం సాగింది.

మనకి నాగరత్నమ్మ కథ దాదాపు ఇక్కడితో అయిపోతుంది. సంగీతం వాళ్ళకి సరిగ్గా ఆ తర్వాతే మొదలవుతుంది. ఆవిడ తిరువయ్యారులో త్యాగరాజస్వామికి గుడి కట్టించిన పుణ్యాత్మురాలు, అంతే. ముద్దుపళని ఊసు అక్కడ ఎవరూ ఎత్తరు. ఒకే మనిషిని సగానికి చీల్చి చెరో సగం తీసుకెళ్ళాం. 2007లో వి.శ్రీరామ్ ఆమె జీవితాన్ని ఇంగ్లీషులో పుస్తకంగా రాశాకే నాకు ఆ రెండో సగం వివరంగా తెలిసింది.

త్యాగరాజు 1847 జనవరిలో, పుష్య బహుళ పంచమి నాడు, కావేరి ఒడ్డున తిరువయ్యారులో పోయాడు. చివర్లో సన్యాసం తీసుకున్నాడు కాబట్టి దహనం లేదు, సమాధి చేశారు. ఇంతటి వాగ్గేయకారుడి సమాధిని ఆయన శిష్యులు, ప్రశిష్యులు కంటికి రెప్పలా చూసుకుని ఉంటారని మనం అనుకుంటాం. చూసుకోలేదు. ఎవరిళ్ళలో వాళ్ళు తద్దినంలా తిథి జరుపుకున్నారు. 1903లో ఉమయాళ్పురం సోదరులు వెళ్ళి చూస్తే సమాధి పాడుబడి ఉంది. ఏదో బాగుచేశారు. మరి కొన్నేళ్ళకి ఆరాధన మొదలయ్యింది, మొదలైన కొద్దికాలానికే చీలింది. తిల్లైస్థానం నరసింహ భాగవతార్, ఆయన తమ్ముడు పంజు భాగవతార్ చెరో పక్షం అయ్యారు. పెద్దవాడిది పెరియ కచ్చి, చిన్నవాడిది చిన్న కచ్చి. ఎవరి ఉత్సవం వారిది, ఎవరి చందాలు వారివి. ఇన్ని తగవులున్న ఈ ఇద్దరికీ ఒక్క విషయంలో మాత్రం ఏకాభిప్రాయం ఉంది. ఆడవాళ్ళు అక్కడ పాడకూడదు.

ఆ రోజుల్లో కచేరీల్లో పాడే ఆడవాళ్ళంటే దేవదాసీ కుటుంబాల వాళ్ళే. కాబట్టి ఆడవాళ్ళు అన్నచోట కులం కూడా చదువుకోవాలి. ఈ రెంటినీ విడదీసి రాసినవాళ్ళని నేను నమ్మను.

నాగరత్నమ్మ 1878లో మైసూరు రాజ్యంలోని నంజనగూడులో ఒక దేవదాసి కూతురిగా పుట్టింది. సంస్కృతం, కన్నడం, తెలుగు చదువుకుంది, సంగీతం నేర్చుకుంది, మద్రాసు చేరి కచేరీలతో పేరూ డబ్బూ సంపాదించింది. 1921లో ఆమె గురువు బిడారం కృష్ణప్ప నుంచి ఉత్తరం వచ్చింది, తిరువయ్యారులో సమాధి మళ్ళీ పాడుపడిందని. చాలా చోట్ల ఈ ఘట్టాన్ని కలగా రాస్తారు. త్యాగరాజు కలలో కనబడి ఆజ్ఞాపించాడట. కల వచ్చి ఉండొచ్చు, కాదనడానికి నేనెవర్ని. కానీ కలతో గోడలు లేవవు. ఉత్తరం చదివిన మనిషి ఏం చేసిందంటే, అక్కడికి వెళ్ళి, స్థలం ఎవరిదో వాకబు చేసి, దాన్ని సమకూర్చుకుని, నగలమ్మి, పని మొదలుపెట్టింది. కొన్నేళ్ళకి గుడి పూర్తయి కుంభాభిషేకం జరిగింది. విగ్రహం పెట్టించింది. నూటెనిమిది నామాలతో సంస్కృతంలో అష్టోత్తరం కూడా తనే రాసింది.

అప్పుడు, నేనిక్కడ హరికథ చెప్తానని అడిగింది. వీల్లేదన్నారు.

ఈ చోట నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఆవిడ డబ్బుతో కట్టిన గోడలు ఎవరికీ అంటు కాలేదు. ఆవిడ పెట్టించిన విగ్రహానికి రెండు కచ్చిల వాళ్ళూ వచ్చి దణ్ణం పెట్టారు. ఆవిడ గొంతు మాత్రమే పనికిరాలేదు. డబ్బూ శ్రమా తీసుకుని మాట తీసుకోకపోవడం మన ఇళ్ళలో, సభల్లో, పత్రికల్లో కూడా మనకి బాగా అలవాటైన ఏర్పాటే. నాగరత్నమ్మ గొప్పతనమల్లా దాన్ని ఏడ్చి ఊరుకోవలసిన విషయంగా చూడకపోవడం. 1927 నుంచి సమాధి వెనకవైపు, కళాకారిణులైన ఆడవాళ్ళని పోగుచేసి వేరే ఉత్సవం మొదలుపెట్టింది. లోకం దానికి మూడో కచ్చి అని పేరు పెట్టింది. పెణ్గళ్ కచ్చి, ఆడవాళ్ళ పక్షం.

ముందు మగవాళ్ళు, వెనక ఆడవాళ్ళు. మధ్యలో త్యాగరాజు. ఆ పంచమి రోజుల్లో తిరువయ్యారు ఎలా ఉండేదో ఊహించుకుంటే నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. ఏడాదికోసారి అంతమంది ఆడవాళ్ళని అక్కడికి రప్పించడమంటే ఎన్ని ఉత్తరాలు, ఎంతమందికి బస, ఎన్ని విస్తళ్ళు, వాద్యగాళ్ళతో ఎన్ని బేరాలు! ఆ లెక్కలు రాసిన చేతి గురించే నాకు కుతూహలం. గుడి కట్టడం ఒక్కసారి చేసే పని. ఉత్సవం నడపడం ప్రతి ఏడాదీ మొదటినుంచి మొదలుపెట్టే పని. మొదటిదానికి శిలాఫలకం ఉంటుంది, రెండోదానికి ఉండదు.

అదే 1927లో మరో సంగతి. మద్రాసు శాసనమండలిలో ముత్తులక్ష్మీరెడ్డి దేవదాసీ వ్యవస్థ రద్దు కోసం గొంతెత్తింది. దేవదాసీలు సంఘం పెట్టుకుని దాన్ని ఎదిరించారు, వాళ్ళ ముందు వరసలో నాగరత్నమ్మ ఉంది. ఇక్కడ మనకి ఇబ్బందిగానే ఉంటుంది. ఒక దేవదాసి కూతురే అయిన ముత్తులక్ష్మి తప్పని ఎలా అంటాం? మనవైపు ఆ కులంలోనే పుట్టిన యామినీ పూర్ణతిలకం కూడా రద్దునే కోరింది. చిన్నపిల్లల్ని అంకితం చెయ్యడాన్ని సమర్ధించడం నావల్ల కాదు. కానీ నాగరత్నమ్మ పక్క నిలబడి చూస్తే మరోటి కనిపిస్తుంది. ఆస్తిహక్కు, చదువు, విద్వత్తు ఉన్న ఆడవాళ్ళ ఒక వర్గం మొత్తాన్ని ఒక్క మాటతో వ్యభిచారం కింద జమకట్టి, వాళ్ళ పాటని, ఆటని మాత్రం మర్యాదస్తుల ఇళ్ళలోకి తీసుకుపోవడం ఆమె కళ్ళ ముందే జరిగింది. చట్టం 1947లో వచ్చింది. 'రాధికాసాంత్వనము' మీద నిషేధం తీసేసిన ఏడూ అదే. పుస్తకాన్ని లోపలికి రానిచ్చారు, అలాంటి పుస్తకం రాయగల ఆడవాళ్ళకి తలుపేశారు అని ఒక స్నేహితురాలు అంటుంది. అంత తేలిగ్గా తేల్చేయలేను గానీ, ఆ మాట మర్చిపోలేను కూడా.

1940-41లో ఎస్.వై.కృష్ణస్వామి అనే ఐ.సి.ఎస్. అధికారి, ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ లాంటి విద్వాంసులు పూనుకుని మూడు పక్షాల్నీ కలిపారు. మూడు అన్నది గమనించండి. స్థలమూ గుడీ ఆమె చేతిలో ఉన్నాయి, వెనకవైపున ఆమె వెంట ఆడవాళ్ళున్నారు. ఆమెతో మాట్లాడకుండా సంధి కుదరదు. అప్పట్నుంచీ ఆడవాళ్ళు సమాధి ముందు పాడుతున్నారు. ఈవేళ టీవీలో మగవాళ్ళొకవైపు, ఆడవాళ్ళొకవైపు కూర్చుని పంచరత్నాలు పాడుతుంటే మనం చూసే ఆ ఆడవాళ్ళ వరస దయతో ఇచ్చింది కాదు, పదమూడు పద్నాలుగేళ్ళు వెనకవైపు కూర్చుని తెచ్చుకున్నది. పోయేముందు రాసిన వీలునామాలో కూడా ఆడవాళ్ళకి, దేవదాసీలతో సహా, అక్కడ పాడే హక్కుండాలని రాసింది. మాటని ఎంతవరకు నమ్మాలో తెలిసిన మనిషి. 1952లో పోయింది. త్యాగరాజు సమాధికి ఎదురుగా ఆమె సమాధి. అక్కడ చేతులు జోడించుకున్న విగ్రహం ఉంటుంది.

2009లో నేనా విగ్రహం చూశాను. అందరూ ఇటు తిరిగి త్యాగరాజుకి దణ్ణం పెడుతున్నారు, ఆవిడ వీపువైపు చెప్పులు విడిచారు. ఆ చెప్పుల్ని చూశాక నాకు 1993లో మా ఊరి ఆరాధన గుర్తొచ్చింది.

మా ఊళ్ళో ఒక సంగీత సభ ఉండేది. ఆహ్వానపత్రం మీద పేర్లన్నీ మగవాళ్ళవి, అడుగున 'మహిళల సహకారంతో' అని చిన్నక్షరాలు. చందాలు వసూలు చేసేది మేము, ప్రసాదం వండేది మేము, పందిరికి పురమాయించేది మేము. మాకిచ్చిన సమయం మధ్యాహ్నం రెండునుంచి మూడున్నర, జనం భోజనాలు చేసి కునికే వేళ. దాని గురించి నేను చాలాచోట్ల చెప్పాను, కోపంగానే చెప్పాను. చెప్పనిది ఇది.

ఆ ఏడు ఒక పెద్దామె వచ్చింది. డెబ్భై దాటి ఉంటాయి. పందిరి చివర, చెప్పుల దగ్గర చాపమీద కూర్చుంది. నూటపదహార్లు నా చేతిలో పెట్టి, "అమ్మగారండీ, నేనూ ఓ కీర్తన పాడుకుంటానండీ. ముఖారి. ఎంతోసేపు పట్టదండి" అంది. రసీదు రాసిచ్చాను. కూర్చోండి మామ్మగారూ అన్నాను. మాతో లెక్కలు చూసే ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "టీచరుగారూ, ఆవిడెవరో తెలుసా మీకు? వాళ్ళమ్మ మేజువాణీలు చేసేది. ఈవేళ సంసారుల పిల్లలు పాడతారు కదండీ, బావుండదు" అంది. నేనప్పటికి 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' చదివేశాను. నాగరత్నమ్మ గురించి మా కాలేజీలో ఓ వ్యాసం కూడా చదివాను. వాదించొచ్చు. వాదిస్తే ఆ ముప్పైమందిలో సగంమంది రావడం మానేస్తారనిపించింది. నేను నిలబెట్టుకున్నది ముక్కలవుతుందని భయమేసింది. మైకు దగ్గరికి వెళ్ళి తర్వాతి పేరు చదివాను.

మూడున్నరకి మగవాళ్ళ కచేరీ మొదలయ్యింది. ఆవిడ హారతిదాకా ఉంది. వెళ్తూ వెళ్తూ, "బాగా జరిగిందండీ" అంది. మరుసటేడు కార్డు రాశాను. రాలేదు. ఆ తర్వాత ఏడాది ఆవిడ పోయిందని తెలిసింది. ఆ ముఖారి ఆవిడకి ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో, ఏ తరం నుంచి వచ్చిందో, ఎలా ఉండేదో నాకు తెలియదు. మా ముప్పైమందిలో ఎవరికీ తెలియదు. మా దగ్గర టేప్‌రికార్డరు ఉంది. ఆ రోజు అది నా పక్కనే ఉంది, ఖాళీ క్యాసెట్ కూడా ఉంది.

ఈ వ్యాసం రాయడానికి పాత నోట్‌బుక్కు అటకమీంచి దించాను. కార్యక్రమం రాసుకున్న పేజీలో వరసగా పేర్లు, రాగాలు, ఎదురుగా ఎవరెంతసేపు పాడారో నిమిషాలు ఉన్నాయి. చివర, నా దస్తూరీలోనే, పేరు లేకుండా ఒక గడి ఉంది: 'ముఖారి - సమయం చాలలేదు.'