తొమ్మిది నొక్కితే ఎవరు పలుకుతారు?

మొన్న పుస్తకాల అర సర్దుతుంటే అట్ట ఊడిన చిన్న పుస్తకమొకటి చేతికి తగిలింది. 1998లో మా కార్యాలయానికి కొన్న ఇ.పి.ఎ.బి.ఎక్స్. పెట్టెతో వచ్చిన ప్రోగ్రామింగు పుస్తకమది. అప్పటికి నేను విజయవాడలో ఉద్యోగంలో చేరి ఏడాది. "కంప్యూటరు తెలుసునన్నావుగా, ఈ పెట్టె సంగతీ నువ్వే చూడు" అన్నారు మేనేజరుగారు. అలా నలభై ఎక్స్‌టెన్షన్లకు నేను నామకరణకర్తనయ్యాను.

ఈ పెట్టె వెనకున్న చరిత్ర ఆనాడు నాకు తెలియదు. తెలిసి ఉంటే, ఇప్పుడు చెప్పబోయే పొరపాటు చేసేవాణ్ణి కాదేమో.

టెలిఫోను పుట్టిన తొలి రోజుల్లో తీగలను కలపడం మనుషుల పని. అమెరికాలో మొదట కుర్రాళ్ళను పెట్టారు. వారి దురుసుతనం భరించలేక 1878 సెప్టెంబరు 1న బోస్టనులో ఎమ్మా నట్ అనే యువతిని నియమించారు. తొలి మహిళా ఆపరేటరు ఆమే. మన దేశంలో 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో ఎక్స్ఛేంజీలు తెరిచారు. అక్కడా మనుషులే కలిపేవారు.

ఆ మనిషిని మధ్యనుంచి తొలగించినవాడు ఆల్మన్ స్ట్రోజర్. కాన్సస్ సిటీలో అంత్యక్రియల ఏర్పాట్లు చూసే వ్యాపారి. తనకు రావలసిన ఫోన్లను ఆపరేటరు పోటీదారుకు మళ్ళిస్తోందని అనుమానపడి ఈ యంత్రాన్ని కనిపెట్టాడని కథ. కథ మాట ఎలా ఉన్నా, 1891లో పేటెంటు వచ్చింది, 1892లో ఇండియానాలోని లా పోర్ట్ పట్టణంలో ఎక్స్ఛేంజీ తెరుచుకుంది. మన దేశంలో మొదటి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజీ 1913-14లో సిమ్లాకు వచ్చింది. 1984లో సి-డాట్ సంస్థ ఏర్పడి, మన ఎండకూ దుమ్ముకూ తట్టుకునే చిన్న ఎక్స్ఛేంజీలను ఇక్కడే రూపొందించింది. వాటిలో మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పనిచేయడం మొదలుపెట్టింది. ఆఫీసులకు పనికివచ్చే పి.బి.ఎక్స్.ను కూడా ఆ సంస్థే రూపొందించి, తయారీదారులకు ఆ పరిజ్ఞానాన్ని ఇచ్చింది.

ఇక మా పెట్టె. బయటి లైన్లు 8, లోపలి ఫోన్లు 40. అందరూ ఒకేసారి బయటికి మాట్లాడరు గనుక అన్నన్ని చాలు. ఎన్ని చాలునో లెక్కగట్టే దారిని డెన్మార్కు గణితవేత్త ఎర్లాంగ్ 1909లోనే చూపాడు. రిసీవరెత్తి, రహస్య సంకేతం నొక్కి, ఒక్కొక్క పోర్టుకు ఒక్కొక్క అంకె ఇస్తూ పోయాను. సున్నా బయటి లైనుకు, తొమ్మిది ఆపరేటరుకు. కాబట్టి మరే ఎక్స్‌టెన్షనూ ఆ రెండింటితో మొదలవకూడదు. లోపలివి 201 నుంచి 240 దాకా. ఎవరికి ఎస్.టి.డి., ఎవరికి ఊళ్ళోవి మాత్రమే, ఎవరికి అవీ లేవు అన్నది మేనేజరుగారు కాగితం మీద రాసిచ్చారు. ఆఫీసులో ఎవరి స్థానమేమిటో ఆ కాగితం చూస్తే తెలిసిపోయేది.

చివరి అంశం ఆటో అటెండెంటు. "ఎక్స్‌టెన్షన్ నంబరు నొక్కండి" అని రికార్డు చేసిన గొంతు పలుకుతుంది. ఇక ఆపరేటరమ్మ అవసరం లేదని ఆవిడను డిస్పాచి విభాగానికి మార్చారు. పద్దెనిమిదేళ్ళుగా ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషి. గొంతు వినగానే ఫలానా ఊరి ఏజెంటని గుర్తుపట్టేది.

మూడో రోజు ఆవిడ నా దగ్గరికి వచ్చి, "బాబూ, నా పాత గదిలో ఫోను పొద్దస్తమానం మోగుతోంది. గదికేమో తాళం. ఒక్కసారి చూడు" అంది.

అప్పుడు అర్థమైంది. ఆటో అటెండెంటుకు అంకె వినిపించాలంటే మీట నొక్కినప్పుడు రెండు స్వరాలు కలిసిన మోత రావాలి. 1963లో అమెరికాలో మొదలైన పద్ధతి అది. పల్లెల్లో ఇంకా వేలు పెట్టి తిప్పే ఫోన్లు ఉండేవి. వాటి నుంచి వెళ్ళేది స్వరం కాదు, టకటక తెగే విద్యుత్తు. లైను కలిశాక మా పెట్టెకు అది అర్థం కాదు. పది సెకన్లు చూసి, ఏ అంకే రాలేదని కాల్‌ను తొమ్మిదికి పంపుతుంది. ఆ తొమ్మిదిని నేను తాళం వేసిన గదిలోనే వదిలేశాను. మూడు రోజులపాటు పల్లెటూళ్ళ ఏజెంట్లందరూ ఆ ఖాళీ గదితో మాట్లాడాలని చూశారన్నమాట.

మేనేజరుగారి దగ్గరకు వెళ్ళి తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆ పెట్టెలోనే పగలు ఒక తీరుగా, రాత్రి మరో తీరుగా పనిచేయించే సదుపాయముంది. పగలు కాల్స్ ముందుగా ఆపరేటరమ్మకే వెళ్ళేట్టు, కార్యాలయం మూశాక యంత్రం పలికేట్టు మార్చాను. మర్నాడు ఆవిడ తన కుర్చీలో కూర్చుంది. నాతో ఏమీ అనలేదు, మధ్యాహ్నం మాత్రం టీ పంపించింది.

1999లో మార్క్ స్పెన్సరు అనే అమెరికా కుర్రవాడు పి.బి.ఎక్స్. కొనే స్తోమత లేక, తానే ఆస్టరిస్క్ అనే సాఫ్టువేరు రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఇప్పుడు ఎక్స్‌టెన్షన్ అంటే ఏ కంప్యూటరులోనో ఒక వరుస, అంతే. అలాంటివి నేనూ కొన్ని అమర్చాను. ప్రతిసారీ ముందు పూరించే గడి మాత్రం ఒక్కటే: ఏ మీటా నొక్కనివాడి కాల్ ఎక్కడ మోగాలి? అది పూరించాక ఆ ఫోను దగ్గర మనిషి ఉన్నాడో లేడో స్వయంగా వెళ్ళి చూసి వస్తాను.