హక్కు, ఆనవాలు: సాఫ్టువేరు లైసెన్సుల చరిత్ర

దానమిచ్చిన భూమి గ్రహీతకు దక్కుట రాజు మాట వలననా, ఆ మాటను చెక్కిన రాగిరేకు వలననా? మన దేశచరిత్రలో ఇది పాతప్రశ్న. దీనికి చక్కని సమాధానము 1912లో సిల్హెట్ జిల్లాయందలి నిధనపూరు గ్రామమున దొరకిన తామ్రశాసనములలో కలదు. ఆ ప్రాంతము నేడు బంగ్లాదేశములోనిది. శాసనకర్త కామరూపరాజైన భాస్కరవర్మ. ఈతడు ఏడవ శతాబ్దమువాడు, హర్షచక్రవర్తికి మిత్రుడు. చీనా యాత్రికుడైన హ్యూయన్‌త్సాంగ్ ఈతని ఆస్థానమును దర్శించెను.

భాస్కరవర్మ పూర్వికుడైన భూతివర్మ కొందరు బ్రాహ్మణులకు పన్నులేని భూమిని దానమిచ్చియుండెను. ఆ శాసనపు రేకులు తరువాత అగ్నిలో నశించెను. రేకులు లేవన్న కారణమున భూమికి పన్ను పడెను. అప్పుడు భాస్కరవర్మ పాతదానమును స్థిరపరచి క్రొత్త రేకులు వ్రాయించియిచ్చెను. అంతతో ఊరకొనలేదు. పాతరేకులు కాలిన పిదప క్రొత్తగా వ్రాసినవి గనుక అక్షరముల రూపు వేరుగా నున్నదనియు, అంతమాత్రమున ఇది కూటశాసనము కాదనియు ఆ రేకులమీదనే చెప్పించెను. ఛత్తీస్‌గఢ్ ప్రాంతమునేలిన శరభపురీయ రాజు నరేంద్రుని కురూద్ శాసనమును ఇట్టిదే. తాటాకుపై వ్రాసిన పూర్వదానపత్రము అగ్నిపాలు కాగా, ఆ రాజు దానిని రాగిరేకుపై మరల వ్రాయించెను. ఆకు కాలినను హక్కు కాలదని ఆ రాజులు గ్రహించిరి.

ఈ పాతకథలు నాకు జ్ఞప్తికి వచ్చుటకు మన సంఘపు కంప్యూటరు కారణము. సంచికల కూర్పునకై కొన్ని సంవత్సరముల క్రిందట మనము వెలయిచ్చి కొన్న తెలుగు అక్షరకూర్పు సాఫ్టువేరు ఒకటి కలదు. కంప్యూటరు మందగించి మాటిమాటికి ఆగిపోవుచుండగా, బాగుచేయవచ్చిన యువకుడు హార్డుడిస్కును తుడిచివేసి ఆపరేటింగు సిస్టమును మరల ఎక్కించెను. ఫైళ్లను ముందుగనే వేరొక డిస్కులో దాచియుంచితిమి గనుక భయములేదనుకొంటిమి. తీరా కూర్పు సాఫ్టువేరును తెరువగా, ఈ యంత్రమునకు లైసెన్సు లేదని చెప్పి అది మొరాయించెను.

ఫైళ్లు చేతిలో నున్నవి గాని చదువుటకు వీలులేకపోయెను. అవి యూనికోడు పద్ధతిలో కూర్చినవి కావు. ఆ సాఫ్టువేరు లేకుండ తెరచినచో తెలుగునకు మారుగా ఆంగ్లాక్షరములును గుర్తులును కలగాపులగముగా కనుపించును. మన సంఘపు పెద్దలలో ఒకరు తాము ఉద్యోగమునకై ఢిల్లీ చేరిన తొలిదినములను గూర్చి వ్రాసిన వ్యాసము వానిలో ఒకటి. స్థలము చాలక దానిని తరువాతి సంచికకు నిలిపియుంచితిమి. వ్రాతప్రతిని వారికే తిరిగి యిచ్చితిమి. వారు స్వర్గస్థులైన పిదప ఆ ప్రతి వారియింట దొరకలేదు. ఆ పెద్దమనిషి చెప్పదలచిన మాట ఒక లైసెన్సు సంఖ్య వెనుక చిక్కుపడిపోయెను.

వెలయిచ్చి కొన్న వస్తువు కొన్నవానినే గుర్తుపట్టకపోవుట ఎట్లు సంభవించెను? దీనిని తెలిసికొనుటకు సాఫ్టువేరు సరకుగా మారిన చరిత్రను చూడవలెను.

తొలిదినములలో సాఫ్టువేరునకు సాధారణముగా వేరే ధర యుండెడిది కాదు. కంప్యూటరు కొన్నవారికి, అద్దెకు తెచ్చుకొన్నవారికి అది యంత్రముతోపాటే వచ్చెడిది. 1969 జూను 23న ఐ.బి.ఎం. సంస్థ తన సాఫ్టువేరులో కొంతభాగమునకు, సేవలకు యంత్రమునుండి విడదీసి వెలకట్టుదునని ప్రకటించెను. సాఫ్టువేరు స్వతంత్రమైన సరకగుటకు ఈ నిర్ణయము పెద్ద మలుపు.

సరకు పుట్టగనే దొంగతనపు తగవును పుట్టెను. 1976 ఫిబ్రవరి 3వ తేదీన బిల్ గేట్స్ కంప్యూటరు ఔత్సాహికులకు ఒక బహిరంగలేఖ వ్రాసెను. ఆల్టెయిర్ అను చిన్న కంప్యూటరునకై తాము సిద్ధపరచిన బేసిక్ ప్రోగ్రామును పలువురు వెలయీయక ప్రతులు తీసికొని పంచుకొనుచున్నారనియు, ఆల్టెయిర్ గలవారిలో నూటికి పదిమంది కంటె తక్కువమందియే దానిని కొనిరనియు ఆయన ఫిర్యాదు. ఈ ఫిర్యాదులో ఒక నిజము కలదు. పుస్తకమును ఎరువిచ్చినచో అది తిరిగివచ్చువరకు మనచేత నుండదు. ప్రోగ్రాము అట్లుగాక, ఇచ్చినవానియొద్దను పుచ్చుకొన్నవానియొద్దను ఒకేతీరున మిగులును. కావున వర్తకులు సాఫ్టువేరును అమ్ముట మాని, దానిని వాడుకొనుటకు అనుమతిని మాత్రమే అమ్మసాగిరి. ఆ అనుమతికే లైసెన్సని పేరు.

అనుమతిని కాపాడుకొనుటకు తాళములు వచ్చెను. 1983లో వెలువడిన లోటస్ 1-2-3 అను లెక్కల ప్రోగ్రామునకు ఒక తాళపు ఫ్లాపీ యుండెడిది. అది యంత్రములో లేనిదే ప్రోగ్రాము కదలెడిది కాదు. మరికొన్ని ఖరీదైన సాఫ్టువేర్లకు డాంగిల్ అను చిన్న పరికరమును కంప్యూటరు వెనుక తగిలింపవలసి యుండెను. ఫ్లాపీ చెడినను, డాంగిల్ పోయినను కొన్నవాడు ఇబ్బంది పడెడివాడు. ఐనను ఆ తాళపుచెవి వాని చేతిలోనే యుండెడిది. దానిని పెట్టెలో దాచుకొనవచ్చును, క్రొత్త యంత్రము వచ్చినపుడు దానికి తగిలించుకొనవచ్చును.

2001 అక్టోబరు 25న విండోస్ ఎక్స్‌పి విడుదలయైనపుడు తాళపుచెవి చేతులు మారెను. ఇరువదియైదు అక్షరముల సంఖ్యను నమోదుచేసినంత మాత్రమున చాలదు. ముప్పది దినములలోగా మైక్రోసాఫ్ట్ సంస్థకు ఇంటర్నెట్టు ద్వారానో టెలిఫోను ద్వారానో తెలియపరచి ఆమోదము పొందవలెను. దీనినే యాక్టివేషను అందురు. ఆ సమయమున యంత్రమునందలి పది అంశములనుండి ఒక గుర్తు తయారగును. ప్రాసెసరు, జ్ఞాపకశక్తి పరిమాణము, నెట్‌వర్కు కార్డు, హార్డుడిస్కు, దానిపై ఏర్పడిన భాగపు క్రమసంఖ్య మున్నగునవి ఆ పదిలో చేరినవి. బెర్లిను నగరపు ఫుల్లీ లైసెన్స్‌డ్ అను సంస్థవారు 2001 జూలైలోనే ఈ పద్ధతిని విప్పిచూచి, దాని నిర్మాణమును ప్రకటించిరి. టెలిఫోనులో ఆమోదము పొందువాడు తెరమీది పొడవాటి సంఖ్యను చదివి వినిపించి, అవతలివారు చెప్పిన నలుబదిరెండు అంకెలను తప్పులేకుండ దింపుకొనవలసి యుండెను. విచిత్రమేమనగా, యూనికోడు తెలుగును మన కంప్యూటరు తెరకు తెచ్చినదియు ఈ విండోస్ ఎక్స్‌పియే. లిపికి తలుపు తెరచిన చేయియే అనుమతికి తాళము వేసెను.

ఆపరేటింగు సిస్టమును మరల ఎక్కించినపుడు చిక్కు వచ్చుటకు కారణములు పై వివరణలోనే యున్నవి. ఆమోదము దొరకెనని తెలుపు దస్తము హార్డుడిస్కులోనే యుండును. డిస్కును తుడిచినపుడు అదియు తుడుచుకొనిపోవును. తుడిచిన డిస్కును మరల సిద్ధపరచినపుడు దాని భాగమునకు క్రొత్త క్రమసంఖ్య ఏర్పడును. పది అంశములలో ఒకటి మారినంత మాత్రమున యంత్రము వేరైనదని ఎంచరు. పలుమార్పులు కూడినచో, ముఖ్యముగా మదర్‌బోర్డు మారినచో, పాతయంత్రము పరాయిదగును. కొన్ని సాఫ్టువేర్లు ఎన్ని యంత్రములకు అనుమతి యిచ్చిరో లెక్కపెట్టుకొనుచుండును. తుడుచుటకు ముందు పాత అనుమతిని విరమింపజేయనిచో, ఆ యంత్రమింకను దానిని వాడుచున్నట్లే అమ్మినవారి లెక్కలో నిలిచియుండును. అప్పుడు యజమాని తన హక్కునకు తానే అడ్డుపడినట్లగును.

కార్యాలయములకు వేరొక ఏర్పాటు వచ్చెను. విండోస్ విస్టా కాలమునుండి పెద్దసంస్థలు తమలోనే ఒక సర్వరును నిలిపి, తమ యంత్రములకు ఆమోదము ఇప్పించుకొనవచ్చును. కనీసము ఇరువదియైదు కంప్యూటర్లు దానికి కనుపించవలెను. ఒకసారి ఇచ్చిన ఆమోదము 180 దినములు చెల్లును. గడువులోగా యంత్రము మరల ఆ సర్వరును పలుకరించుచుండవలెను. చాలకాలము బీరువాలో నుంచిన ల్యాప్‌టాపు హఠాత్తుగా లైసెన్సు లేదని పలుకుటకు తరచు ఇదియే కారణము. ఫైళ్లతో పనిచేయువారికి ఇది క్రొత్తగాదు. తాత్కాలికోద్యోగపు మంజూరును పొడిగించు ఉత్తరువు రానిదే జీతము నిలిచిపోవుట మనమెరిగినదే.

తరువాతి కాలమున పద్ధతి కొంత సులభమాయెను. 2012లో విండోస్ 8 వచ్చినప్పటినుండి, తయారీదారులు సిస్టముతో సహా అమ్మిన కంప్యూటర్లలో లైసెన్సు సంఖ్యను మదర్‌బోర్డు జ్ఞాపకములోనే పొదుగుచున్నారు. 2015 జూలై 29న వచ్చిన విండోస్ 10 యంత్రపు గుర్తును సంస్థ సర్వరులోనే నిలుపుకొనెను. అదే యంత్రమున అదే కూర్పును మరల ఎక్కించినచో సంఖ్య అడుగకయే ఆమోదము లభించును. 2016లో లైసెన్సును వాడుకరి ఖాతాతో ముడివేసికొను వీలు కల్పించిరి. దీనివలన యంత్రభాగములు మారినపుడు కొందరికి హక్కును మరల నిరూపించుకొను దారి దొరకెను. యంత్రముతో వచ్చిన లైసెన్సులకు మదర్‌బోర్డు మారినపుడు ఈ సదుపాయము సాధారణముగా వర్తింపదు.

మన చట్టమేమనుచున్నది? 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1984లో చేసిన సవరణచే కంప్యూటరు ప్రోగ్రాము సాహిత్యకృతుల వరుసలో చేరెను. 1994 సవరణ న్యాయముగా ప్రోగ్రామును కలిగియున్నవానికి, నష్టమునుండి రక్షణకై తాత్కాలికముగా ప్రతి తీసికొను అవకాశమును ఇచ్చెను. అదే సవరణ దొంగప్రతియని తెలిసియు వాడువానికి కనీసము ఏడు దినముల కారాగారశిక్షను విధించెను. 2012 సవరణ ఇట్టి సాంకేతికపు తాళములను దురుద్దేశముతో ఛేదించుటను నేరము చేసెను. మొత్తముమీద ప్రతిని దాచుకొనుటకు చట్టము ఒప్పుకొనినది. దాచుకొన్న ప్రతి పనిచేయవలెనన్న తాళపుచెవి ఇంకొకరి చేతిలోనున్నపుడు ఆ ఒప్పుకోలు సగమే ఫలించుచున్నది.

ఆ తాళపుచెవి గల సంస్థయే దుకాణము కట్టివేసిన, సర్వరును ఆపివేసిన గతియేమి? దీనికి ఒక దృష్టాంతము కలదు. అడోబీ సంస్థ తన సీఎస్2 సాఫ్టువేరునకు ఆమోదమిచ్చు సర్వరును నిలిపివేసి, న్యాయముగా కొన్నవారికై యాక్టివేషను అక్కరలేని ప్రతులను 2013 జనవరి నాటికి అందుబాటులో నుంచెను. అవి అందరికిని ఉచితమని పలువురు పొరపడగా, కొన్నవారికి మాత్రమేయని సంస్థ వివరించుకొనవలసి వచ్చెను. ఐనను ఆ పని మెచ్చదగినది. అది భాస్కరవర్మ చేసిన పనియే. పాతరేకు చెల్లనపుడు క్రొత్తరేకు ఇచ్చుట దాత ధర్మము. అందరు దాతలును అట్లుండరు.

మన ప్రభుత్వము ఈ ఆధారపడుటను కొంత తగ్గింప యత్నించెను. సీ-డ్యాక్ సంస్థ 2007లో బాస్ లినక్స్ అను స్వేచ్ఛా సిస్టమును వెలువరించెను. 2015లో కేంద్రప్రభుత్వము ఓపెన్‌సోర్సు సాఫ్టువేరును స్వీకరించు విధానమును ప్రకటించెను. ఇట్టి సాఫ్టువేరును ఎన్నిసార్లు ఎక్కించినను సాధారణముగా ఎవరి ఆమోదమును అడుగనక్కరలేదు.

ఇక మన సంఘపు కథకు వత్తును. సాఫ్టువేరు అమ్మిన దుకాణము మూతపడినది. తయారించినవారికి వ్రాయగా, కొన్నట్లు రుజువు చూపుడనిరి. లైసెన్సు సంఖ్య గల పెట్టె ఎప్పుడో పోయినది. అప్పుడు మన కోశాధికారి ఆ సంవత్సరపు ఆడిటు వోచర్ల కట్టను దింపి, దుమ్ము దులిపి, అందుండి అసలు రసీదును తీసి చూపెను. చిన్నకాగితమును గూడ పారవేయనీయని ఆయన చాదస్తమును పరిహసించినవారిలో నేను ఒకడను. రసీదు నకలు పంపిన మూడువారములకు క్రొత్తసంఖ్య వచ్చెను. పాతఫైలు తెరచుకొనెను. అక్షరమక్షరము సరిచూచి యూనికోడులోనికి మార్చితిమి. కొన్ని ఒత్తులు చెదరినవి, కొన్ని సున్నలు ఎగిరిపోయినవి. పెద్దవారి ధోరణి తెలిసినవారు కూర్చుండి వానిని చక్కదిద్దిరి. ఆ వ్యాసము ఈ సంచికలోనే అచ్చగుచున్నది. అక్షరములు క్రొత్తవైనను మాట వారిదే.

ఈ అనుభవమువలన నేర్చినవి స్వల్పములు, కాని ముఖ్యములు. డిస్కును తుడుచుటకు ముందు అనుమతులను విరమింపజేయవలెను. లైసెన్సు సంఖ్యలను, ఖాతాల వివరములను కాగితముపై వ్రాసి వోచర్లతోపాటు దాచవలెను. అన్నిటికంటె ముఖ్యముగా మన వ్రాతలను ఒకరి తాళమునకు లోబడిన రూపమున మాత్రమే ఉంచక, యూనికోడు ప్రతిని, ఒక అచ్చుప్రతిని విడిగా భద్రపరుపవలెను. రాగిరేకు దొరకినందున భాస్కరవర్మ న్యాయము మనకు తెలిసెను. రసీదు దొరకినందున ఒక పెద్దమనిషి జ్ఞాపకములు మనకు దక్కెను. ఇచ్చినవారు తమ మాటను తాము గుర్తుంచుకొనవలెను. పుచ్చుకొన్నవారు దాని ఆనవాలును పోగొట్టుకొనరాదు.