పెర్త్ - కొగ్గల: రెండు సూర్యోదయాల విమానయానం

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ సేనల వశమైంది. దానితో ఆస్ట్రేలియా, బ్రిటన్‌ల మధ్య నడుస్తున్న విమాన మార్గం తెగిపోయింది. సైనికాధికారులను, ముఖ్యమైన టపాను చేరవేయడానికి హిందూ మహాసముద్రాన్ని ఏకబిగిన దాటవలసి వచ్చింది.

1943లో క్వాంటాస్ సంస్థ పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్త్ నుండి సిలోన్ (నేటి శ్రీలంక) దక్షిణ తీరాన ఉన్న కొగ్గల సరస్సుకు కాటలీనా విమానాలను నడపసాగింది. ఇవి నీటిపై దిగే విమానాలు. దూరం సుమారు 5,650 కిలోమీటర్లు. వేగం గంటకు దాదాపు 200 కిలోమీటర్లు. భాగిస్తే 28 గంటలు వస్తుంది. అయితే ఎదురుగాలి ఈ లెక్కలో లేదని విద్యార్థులు గమనించాలి. కొన్ని ప్రయాణాలకు 32 గంటలు కూడా పట్టింది. ప్రయాణికులు ఆకాశంలోనే రెండు సూర్యోదయాలు చూసేవారు.

అంత దూరానికి సరిపడే ఇంధనం నింపాక ముగ్గురు ప్రయాణికులకు, సుమారు 69 కిలోల టపాకు మాత్రమే చోటు మిగిలేది. అందుకే ఉత్తరాలను మైక్రోఫిల్ముగా మార్చి పంపేవారు. ఈ విమానాలలో ఆయుధాలు లేవు. శత్రువుకు జాడ తెలియకూడదని రేడియో వాడకుండా నక్షత్రాలను చూసి దారి తెలుసుకొనేవారు. (నిజానికి ఇది పాతకాలపు నావికుల పద్ధతే.) అయినా 1945 జూలై వరకు జరిగిన 271 ప్రయాణాలలో ఒక్క విమానం కూడా గల్లంతు కాలేదు. యుద్ధం ముగిశాక మాత్రం లెండ్-లీజ్ షరతుల ప్రకారం వీటిని సముద్రంలో ముంచేశారు.

1944లో వచ్చిన లిబరేటర్ విమానాలు ఉత్తరాన ఉన్న లియర్‌మంత్ నుండి బయలుదేరి సముద్రాన్ని సుమారు 17 గంటల్లో దాటాయి. 2018 మార్చిలో పెర్త్ నుండి క్వాంటాస్ విమానం ఎక్కడా దిగకుండా లండన్ చేరింది. ఆ 14,500 కిలోమీటర్లకు పట్టిన కాలం కూడా దాదాపు 17 గంటలే.