పాత లారీ ఇంజనుకు తగిన గియరుపెట్టె

1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించెను. ఆనాటి బస్సులలో, లారీలలో గియరు మార్చుట డ్రైవరు చేతిపనియే. అట్టి లారీ నేడు అమీర్‌పేట, పంజగుట్టల రద్దీలో అడుగడుగునా ఆగవలసివచ్చును. కనుక ఆటోమేటిక్ గియరుపెట్టె అమర్చవలెనను కోరిక సహజము.

గియరుపెట్టె ముందుండు టార్కు కన్వర్టరుకు మూలము జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫెట్టింగర్ 1905లో పేటెంటు పొందిన సాధనము. అందులో ఇంజను త్రిప్పు పంపు నూనెను చిమ్మగా, ఆ నూనె టర్బైనును త్రిప్పును. పంపు గ్రహించు టార్కు, అనగా త్రిప్పుబలము, వేగము యొక్క వర్గమునుబట్టి మారును: వేగము సగమైనచో టార్కు నాల్గవ వంతే.

కావున వడిగా తిరుగు కారు ఇంజనుకై చేసిన కన్వర్టరును, మెల్లగా తిరుగు పాత లారీ ఇంజనుకు బిగించినచో, ఇంజను ఊరక పరుగెత్తును, నూనె కాగును, బండి కదలదు. అశ్వశక్తి సమానమైనంత మాత్రమున జత కుదరదు. ఏ వేగమున ఎంత టార్కు వచ్చునో ముందు చూడవలెను.